పోలియో కాలి వైకల్యం 57 శాతం నుంచి 35కి ఎలా తగ్గుతుందండీ?

బాబిన్‌దారం (ప్రశ్న):

అందరికీ నమస్కారం. పెద్ద పోస్టే, కాస్త ఓపిగ్గా చదవండి.

నాకు ఎడమకాలు పోలియో. రెండేళ్లప్పుడు జ్వరమొస్తే ఊళ్లో ఆరెంపీ సూది వేశాడట, తెల్లారేసరికి కాలు చచ్చుబడిపోయిందట. మా అమ్మ ఇప్పటికీ పోలియోని తిట్టదు, ఆ సూదిని తిడుతుంది. ఇప్పుడు నాకు 37. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు, పిల్లల గౌన్లు కుడతాను. మోటారు మిషనేలెండి, తొక్కే మిషను నావల్ల కాదు.

మాది ఆంధ్రప్రదేశ్. 2010లో, వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం క్యాంపులో 57 శాతం, శాశ్వత వైకల్యం అని రాసిచ్చారు. అప్పట్నుంచీ పింఛను వస్తోంది. మొదట్లో 500. 2014 చివర్లో వెయ్యి అయింది, 2019లో మూడు వేలు, 2024 జులై నుంచి ఆరు వేలు. ఒకటో తారీఖు పొద్దున్నే మా ఊరి సచివాలయం నుంచి వచ్చి వేలిముద్ర వేయించుకుని డబ్బు చేతిలో పెట్టి వెళ్తారు. అందులో సగం పాప స్కూలు ఆటోకీ, చీటీకీ పోతుంది. మిగతాది కరెంటు బిల్లు, నా కాలి ఖర్చులు. నా రెండు పాదాల సైజులు వేరు. చెప్పులు కొనాలంటే రెండు జతలు కొని ఒక్కోటి పక్కన పడేయాలి. ఇది పోలియో ఉన్నవాళ్లకి మాత్రమే తెలిసే ఖర్చు.

2025 వేసవికి ముందు, ఫలానా రోజు ఫలానా ఆసుపత్రికి రీవెరిఫికేషన్‌కి రమ్మని కాగితం ఇచ్చారు. నాకేం టెన్షన్ అనిపించలేదు. కాలు కళ్లముందే ఉంది కదా, చూస్తారు, రాస్తారు అనుకున్నా. పెద్ద డాక్టర్ల దగ్గరికి వెళ్తున్నామని ఇస్త్రీ చీర కట్టుకున్నాను. కాలికి ఆసరాగా పెట్టుకునే కాలిపర్ బిగించుకున్నాను. పొద్దున ఏడింటికి వెళ్లి లైన్లో కూర్చుంటే ఒంటిగంట దాటాక పిలిచారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. చిన్నప్పట్నుంచీ నాకు నేర్పిందల్లా కుంటు తెలియకుండా నడవడమే. బళ్లో వెనక నుంచి ఎవరూ వెక్కిరించకుండా, బస్సులో ఎవరూ జాలిపడకుండా. పెళ్లిచూపులప్పుడు మా అమ్మ, "గుమ్మం దగ్గర్నుంచి కుర్చీ దాకా ఆరడుగులే తల్లీ, మెల్లగా వేశావంటే తెలియదు" అంది. ఆ ఆరడుగులూ ముందురోజు రాత్రి ఎన్నిసార్లు నడిచి చూసుకున్నానో నాకే తెలుసు. (మా ఆయనకి ముందే చెప్పారనుకోండి, అది వేరే కథ.)

ఆ రోజు డాక్టరు గారు తలెత్తి, "అలా తలుపు దాకా వెళ్లి రామ్మా" అన్నారు. వెళ్లొచ్చాను. ఆరడుగులే ఉంటుంది. అలవాటైన నడక నడిచాను. "చాలమ్మా, వెళ్లొచ్చు" అన్నారు. కాలిపర్ తీయమనలేదు. కాలు పట్టి చూడలేదు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఇంటికొచ్చి మా ఆయనతో, ఈసారి తొందరగా అయిపోయిందని సంతోషంగా చెప్పాను కూడా. అంత వెర్రిదాన్ని.

మొన్న నోటీసు వచ్చింది. 35 శాతమట. 40 లేదు కాబట్టి అనర్హురాలినట.

పోలియో తగ్గే జబ్బా? 15 ఏళ్లలో నా కాలికి 22 శాతం బలం ఎక్కడ్నుంచి వచ్చింది? ఇంకా నీరసమైంది, మెట్లెక్కితే తొడ వణుకుతోంది. అప్పీలు పెట్టుకోవచ్చంటున్నారు, ఎవరికి పెట్టాలి, ఏం రాయాలి? వచ్చే ఒకటో తారీఖు డబ్బులు ఆగిపోతాయా? మళ్లీ పిలిస్తే ఏం చేయాలి? పక్కింటావిడ అయితే "ఈసారి పాత చీర కట్టుకుని, బాగా కుంటుతూ వెళ్లు" అని సలహా ఇచ్చింది. నాకు ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయి.

సచివాలయం చిరుద్యోగి:

అక్కా, ఆ నోటీసు ఇంటికి తెచ్చిచ్చేది మాలాంటి వాళ్లమే. శాతం వేసింది మేం కాదు, తిట్లు మాత్రం మాకే. సరే, అసలు సంగతికొస్తాను.

2025 జనవరి నుంచి ఈ పరిశీలన నడుస్తోంది. మంచాన ఉండి 15 వేలు తీసుకునేవాళ్ల ఇళ్లకి డాక్టర్లే వచ్చారు. ఆరు వేల వాళ్లని ఆసుపత్రులకి పిలిచారు. 40 కన్నా తక్కువ వచ్చినవాళ్లకీ, తాత్కాలిక వైకల్యం అని రాసినవాళ్లకీ ఇప్పుడు నోటీసులు.

మీది పల్లె అయితే అప్పీలు ఎంపీడీఓ గారికి, పట్టణం అయితే మున్సిపల్ కమిషనర్ గారికి. నోటీసు అందిన 30 రోజుల్లోగా పెట్టాలి. నోటీసు జిరాక్సు, పాత సదరం సర్టిఫికెట్, కొత్త సర్టిఫికెట్, ఆధార్ జతచేయండి. అర్జీ ఇచ్చినట్టు రసీదు కానీ, మీ కాపీ మీద తేదీతో స్టాంపు కానీ వేయించుకోకుండా కదలొద్దు. ఆ తర్వాత మళ్లీ పరీక్షకి పిలుస్తారు.

కొందరు కోపంలో నోటీసు తీసుకోం, సంతకం పెట్టం అంటున్నారు. దానివల్ల వాళ్లకే నష్టం. తీసుకోండి, అప్పీలు పెట్టండి. ఇంకో సంగతి, "పెద్దాసుపత్రిలో మనవాళ్లున్నారు, పదివేలిస్తే శాతం పెంచుతారు" అనేవాళ్లు ఇప్పటికే తిరుగుతున్నారు. గుమ్మం ఎక్కనివ్వకండి.

60 దాటినవాళ్లకి వికలాంగుల పింఛను పోయినా వృద్ధాప్య పింఛనుకి మారుస్తున్నారు. అది నాలుగు వేలు. మా పరిధిలో ఒక తాతగారికి అలాగే అయింది. మీకు ఆ వయసు లేదు కాబట్టి అప్పీలే దారి.

రచ్చబండ:

నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. మా ఊళ్లో చెవుడు పింఛను తీసుకునే ఒకాయన రోజూ ఫోన్లో చిట్టీల లెక్కలు మాట్లాడతాడు. ఇంకొకాయన కాలు బాలేదని సర్టిఫికెట్ తెచ్చుకుని కొబ్బరిచెట్లు ఎక్కుతాడు. ఆరు వేలంటే తక్కువ డబ్బు కాదు, మనందరి పన్నులే. తనిఖీ చేయకపోతే ఎలా?

చిన్నోడి అమ్మ:

రచ్చబండ గారూ, చేయొద్దని ఆవిడ అన్నారా? చూసి చేయమంటున్నారు.

మావాడికి బుద్ధిమాంద్యం, 12 ఏళ్లు. వాడిది తాత్కాలికం అని రాశారు, అందుకని మాకూ నోటీసే. రూలు నాకూ తెలుసు. పిల్లలకి ఐదేళ్లప్పుడు, పదేళ్లప్పుడు, పద్దెనిమిదేళ్లప్పుడు మళ్లీ పరీక్ష చేసి, 18 తర్వాత ఇచ్చేదే జీవితాంతం చెల్లుతుంది. బుద్ధిమాంద్యం ఎంత తీవ్రంగా ఉందో దాన్నిబట్టి శాతం వేస్తారు. మావాడిది 75. కాగితం మీద "తాత్కాలికం" అన్నది పరీక్ష మళ్లీ చేయాలన్న అర్థంలో. వాడి జబ్బు వచ్చే ఏడాదికి నయమైపోతుందని కాదు. ఆ ముక్క కౌంటర్లో ఉన్న అబ్బాయికి చెప్పడానికి నాకు రెండు పూటలు పట్టింది. అప్పీలు పెట్టాం. చూడాలి.

కొలతటేపు:

బాబిన్‌దారం గారూ, నేను ఫిజియోథెరపిస్టుని. ఇరవై ఏళ్లకి పైగా పోలియో కాళ్లు, పక్షవాతం చేతులు చూస్తున్నాను. సర్టిఫికెట్లు ఇచ్చే పని నాది కాదు, అది ఎముకల డాక్టర్లది. కానీ లెక్క ఎలా వేయాలో తెలుసు. మీ ప్రశ్నలో అసలైన మాట "కాలు పట్టి చూడలేదు" అన్నది. దాని గురించే చెప్తాను.

మొదట ఒక చేదు నిజం. 2010లో మీకిచ్చిన 57 వేరే కాలంనాటి లెక్క. అప్పుడు 2001 నాటి మార్గదర్శకాలు ఉండేవి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చాక, 2018 జనవరిలో కొత్తవి వచ్చాయి, 2024 మార్చిలో వాటిని మళ్లీ సవరించారు. అదీగాక పాత క్యాంపుల్లో ఒక్కరోజులో వందలమందిని చూసేవారు, కొందరికి ఉదారంగా వేసిన మాటా నిజమే. కాబట్టి శాతం మారిందంటే ప్రతిసారీ మోసమో అన్యాయమో అనుకోనక్కర్లేదు. మీ విషయంలో నన్ను ఆపుతున్నది శాతం మారడం కాదు, అది ఎలా వచ్చిందన్నది.

కాలికి శాతం వేయాలంటే రెండు భాగాలు చూడాలి. ఒకటి కదలిక. తుంటి, మోకాలు, చీలమండ దగ్గర కీళ్లు ఎంత వంగుతున్నాయి, కండరాలకి ఎంత బలం ఉంది. బలాన్ని 0 నుంచి 5 దాకా గ్రేడు వేస్తాం. 5 అంటే మామూలు బలం. 3 అంటే కాలి బరువుని అదే లేపగలదు, మన చేతితో కాస్త ఒత్తితే పడిపోతుంది. గ్రేడు 3కి 40 శాతం బలం పోయినట్టు లెక్క, 2కి 60. ఇది కంటితో చూస్తే తెలిసేది కాదు. మంచం మీద పడుకోబెట్టి, ఒక్కో కండరం దగ్గర చెయ్యి పెట్టి, ఎదురు ఒత్తి చూడాలి.

రెండోది నిలకడ. దానికి తొమ్మిది పనులున్నాయి, ఒక్కోదానికి 10 చొప్పున మొత్తం 90. చదునైన నేల మీద నడవడం, వాలు మీద నడవడం, మెట్లెక్కడం, రెండు కాళ్ల మీద నిలబడటం, దెబ్బతిన్న కాలి మీద ఒక్కదాని మీదే నిలబడటం, గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకోవడం, మోకాళ్ల మీద కూర్చోవడం, నడుస్తూ తిరగడం. మీ చేత చేయించింది ఇందులో మొదటిది మాత్రమే, అదీ కాలిపర్‌తో. తొమ్మిది ప్రశ్నల పేపర్లో మీకు బాగా వచ్చిన ఒక్కటి అడిగి మార్కులు వేసినట్టు.

ఇవి కాక కాలి పొట్టితనం. మొదటి అర అంగుళానికి ఏమీ లేదు. ఆపైన ప్రతి అర అంగుళానికీ 4 శాతం అదనం. దీనికి టేపు కావాలి. తుంటి ముందువైపు పొడుచుకొచ్చే ఎముక దగ్గర్నుంచి చీలమండ లోపలివైపు గుబ్బ ఎముక దాకా కొలవాలి. రెండు కాళ్లూ ఒకే తీరుగా చాపి పెట్టాలి.

చాలామంది అడిగేది ఇంకోటి. రెండు లోపాలుంటే రెండు శాతాలు కలిపేయరా అని. కలపరు. పెద్దదాన్ని అలాగే ఉంచి, చిన్నదాన్ని 90లో మిగిలినదానికి దామాషాగా తగ్గించి కలుపుతారు. 40 ఒకటి, 20 ఒకటి ఉన్నాయనుకోండి, 60 రాదు, 51 వస్తుంది. పాత క్యాంపుల్లో కొన్నిచోట్ల నేరుగా కూడేసిన సర్టిఫికెట్లు నేనే చూశాను.

మీకు 40 దాటుతుందని ఇక్కడ కూర్చుని చెప్పలేను. ఒకటి మాత్రం ఖాయం. మీరు చెప్పినట్టే జరిగివుంటే, ఆ 35 లెక్కవేసి వచ్చిన అంకె కాదు. అర్జీలో "పేదరాలిని, దయచేసి" అని రాయకండి. ఏ ఏ పరీక్షలు చేయలేదో రాయండి. కాలిపర్ తీయించలేదు, కండరాల బలం చూడలేదు, పొడవు కొలవలేదు, నడక ఒక్కటే చూశారు అని. సర్టిఫికెట్ నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా చెప్పాలని నిబంధనల్లోనే ఉంది, అవి అడగండి. సర్టిఫికెట్ ఇచ్చే అధికారి నిర్ణయం మీద అప్పీలు చేసుకునే హక్కు 2016 చట్టంలో 59వ సెక్షన్లో ఉంది. ఆ నంబరు అర్జీలో ఒక్కసారి రాయండి, చాలు.

పక్కింటావిడ సలహా మాత్రం వినకండి. లేని కుంటు తెచ్చిపెట్టుకుంటే చెయ్యి పెట్టగానే మాకు తెలిసిపోతుంది. మీరు చేయాల్సింది నటించడం కాదు, నటన మానేయడం. ముప్పై ఏళ్లుగా దాచిన నడక ఒక్కరోజు దాచకుండా నడవండి.

తొడ వణుకుతోందన్నారు, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పోలియో వచ్చిన చాలా ఏళ్లకి, ఒక్కోసారి ముప్పై నలభై ఏళ్లకి, అప్పటిదాకా బరువు మోసిన కండరాలు అలసిపోయి మళ్లీ నీరసిస్తాయి. పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారు. పింఛను సంగతి ఎలా ఉన్నా ఒకసారి చూపించుకోండి. అడ్డదిడ్డంగా వ్యాయామాలు చేస్తే ఎక్కువవుతుంది.

రచ్చబండ గారికి ఒక్క మాట. చెవుడు నటించడం ఆపాలంటే బెరా పరీక్ష ఉంది. తలకి తీగలు పెట్టి, శబ్దం వినిపించి, మెదడు నుంచి వచ్చే సంకేతం చూస్తారు. నిద్రలో ఉన్నా చేయొచ్చు, ఎవరూ నటించలేరు. దొంగని పట్టుకోవాలన్నా సరిగ్గా కొలవాల్సిందే. రెండు నిమిషాల్లో చెవి దగ్గర అరిచి, తలుపు దాకా నడిపించి చూస్తే ఆ కొబ్బరిచెట్టాయన దాటిపోతాడు, ఈవిడ ఆగిపోతారు.

ఒంటికన్ను:

నాది కూడా రాసుకోండి. చిన్నప్పుడు బిళ్లంగోడు ఆటలో కుడికన్ను పోయింది. ఎడమకన్ను బాగుంది. నాకు 30 శాతం ఇచ్చారు. అప్పీలు పెడదామని వెళ్తే ఒక డాక్టరమ్మ కూర్చోబెట్టి పట్టిక చూపించింది. ఒక కన్ను పూర్తిగా పోయి, రెండోది బాగుంటే రూలు ప్రకారమే 30. నా విషయంలో తప్పు కొలవలేదు, కొలబద్దే అలా ఉంది. డ్రైవింగు పని మానేసి ఎనిమిదేళ్లయింది. ఆ పట్టిక రాసినవాళ్లని ఒక్కసారి రాత్రిపూట లారీ తోలమనాలి. పాతికేళ్లుగా తీసుకుంటున్నా, ఇప్పుడు పోయింది. మీది వచ్చేలా ఉంది, వదలకండి చెల్లీ.

రచ్చబండ:

కొలతటేపు గారు చెప్పింది ఒప్పుకుంటాను. కొబ్బరిచెట్టాయనకి ఈసారి కూడా 45 వచ్చింది, నిజం చెప్పాలంటే.

బాబిన్‌దారం:

అందరికీ పేరుపేరునా థాంక్స్. కొలతటేపు గారూ, మీ పోస్టు మా ఆయన గట్టిగా చదువుతుంటే నేను చాప మీద పడుకున్నాను. నా మెడలో ఎప్పుడూ టేపు ఉంటుంది కదా, దాంతోనే కొలిచాడు. ఒకటిన్నర అంగుళం పొట్టి. అంటే అదనంగా 8 శాతం అన్నమాట. పాతికేళ్లుగా ఊళ్లో అందరి భుజాలూ, చేతులూ కొలుస్తున్నాను, నా కాలు నేనెప్పుడూ కొలుచుకోలేదు. తర్వాత ఆ తొమ్మిది పనులూ ఒక్కొక్కటే చేసి చూశాం. మెట్లు కమ్మీ పట్టుకుంటే ఎక్కగలను. ఎడమకాలి మీద ఒక్కదాని మీదే నిలబడటం అసలు లేదు. గొంతుక్కూర్చుంటే లేవలేను, బాసింపట్టు వేయలేను. మా పాప పక్కన నిలబడి టిక్కులు పెట్టింది, దానికదో ఆటలా ఉంది.

అర్జీ ఎంపీడీఓ ఆఫీసులో ఇచ్చాను, స్టాంపు వేయించుకున్నాను. మీరు చెప్పినట్టే రాశాను, దయ అన్న మాట ఎక్కడా రాయలేదు. రాయడానికి చెయ్యి పోతూనే ఉంది, అలవాటు అలాంటిది.

ఒంటికన్ను అన్నా, మీ పోస్టు చదివాక నాకు మాట రాలేదు.

చిన్నోడి అమ్మ:

సెప్టెంబరు ఒకటిన మాకు డబ్బులు వచ్చాయి. అప్పీలు పెట్టిన మా వీధి వాళ్లకీ వచ్చాయి. మీకు?

బాబిన్‌దారం:

వచ్చాయి అక్కా. కానీ ఈసారి వేలిముద్ర వేస్తుంటే చెయ్యి వణికింది. ఎప్పుడూ లేదు అలా.

బాబిన్‌దారం (కొన్నాళ్ల తర్వాత):

ఎవరైనా ఇదే పరిస్థితిలో వెతుక్కుంటూ ఇక్కడికి వస్తారని రాస్తున్నాను. నన్ను మళ్లీ పిలిచారు, వెళ్లొచ్చాను.

ఈసారి వేరే ఆసుపత్రి. చీర మామూలుదే కట్టుకున్నాను, పాతదీ కాదు, ఇస్త్రీదీ కాదు. డాక్టరమ్మ చిన్నావిడ, ముప్పై ఉంటాయేమో. లోపలికి వెళ్లగానే నేనే, "కాలిపర్ తీసేస్తాను మేడమ్, బలం చూడండి" అన్నాను. ఇంత గట్టిగా వచ్చిందేంటి గొంతు అనిపించింది. ఆవిడ ఏమీ అనుకోలేదు. కర్టెన్ లాగి, మంచం ఎక్కించి, తొడ మీద చెయ్యి పెట్టి "లేపు, లేపు, ఆపు" అంటూ అన్నీ చూసింది. రాసుకుంది. నడవమంటే కాలిపర్ లేకుండా నడిచాను. తొడ మీద చెయ్యి ఆనించుకుని, ఒళ్లంతా ఒక పక్కకి ఊగుతూ. పదో క్లాసు తర్వాత పరాయివాళ్ల ముందు అలా నడవడం అదే మొదటిసారి. గదిలో ఇంకా నలుగురు ఉన్నారు. చెవులు మండిపోయాయి సిగ్గుతో. గొంతుక్కూర్చోమంటే కూర్చున్నాను, లేవడానికి నర్సమ్మ చెయ్యి ఇవ్వాల్సొచ్చింది.

తర్వాత కాలి పొడవు చూడాలంది. టేపు లేదు. సొరుగులు వెతికారు, పక్కగదిలో అడిగారు, వార్డుబాయ్ ఎక్కడికో వెళ్లాడు. నేను బ్యాగులోంచి నా టేపు తీసిచ్చాను. ఆవిడ ఒక్క క్షణం నా మొహం చూసి, "టైలరింగా?" అంది.

కొలిచింది. ఒకటింపావు అంది. మేడమ్, ఒకటిన్నర ఉండాలి అన్నాను. మళ్లీ కొలిచింది, ఈసారి కూడా ఒకటింపావే. జాకెట్టులో పావంగుళం తేడా వస్తే విప్పి కుట్టాల్సి వస్తుంది మేడమ్, ఇక్కడ పావంగుళం అంటే నాకు నాలుగు శాతం అన్నాను. పక్కనున్న క్లర్కు నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. "అయితే నీ మాటా వద్దు, నా మాటా వద్దు, ఎక్స్‌రేలో చూద్దాం" అని స్కానోగ్రామ్‌కి రాసింది. రెండు కాళ్లూ మొత్తం పొడవునా తీసే ఎక్స్‌రే అది. అది కూడా అదే రోజు తీయించుకుని వచ్చాను.

శాతం ఇంకా ఆన్‌లైన్లో ఎక్కలేదు. సచివాలయంలో రోజు మార్చి రోజు అడుగుతున్నాను, ఆ అబ్బాయి నన్ను చూడగానే తల అడ్డంగా ఊపుతున్నాడు. ఎంత వచ్చినా ఇక్కడ రాస్తాను, 40కి తక్కువ వచ్చినా సరే.

టేపు మాత్రం ఆ టేబుల్ మీదే మర్చిపోయి వచ్చాను. సగం దూరం వచ్చాక బస్సులో గుర్తొచ్చింది. ఉండనీలే, నా వెనక లైన్లో ఇంకా చాలామంది ఉన్నారు.